43 మందిలో మాట్లాడేది తొమ్మిది మందేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. ఇప్పటి పిల్లలకు క్లాసులో నోరు తెరిచి అడిగే అలవాటు పోయిందని, సెల్‌ఫోన్లు వచ్చి వాళ్లను మూగవాళ్లను చేశాయని ఆయన బాధపడ్డారు. ఆయన చూసింది నిజమే. కానీ తప్పంతా ఫోన్ల మీదకి తోసేస్తే నా మనసు ఒప్పుకోవడం లేదు. నేను విశాఖలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పిల్లల నోరు మూతపడటంలో మా టీచర్ల వాటా చాలా ఉంది. కొట్టడం, తిట్టడం సంగతి కాదు నేను చెప్పేది. రోజూ మేం ప్రశ్న ఎలా అడుగుతాం, ఎవరిని అడుగుతాం, అడిగాక ఎంతసేపు ఆగుతాం అన్న దాని గురించి. ఇది నాకు బుర్రకెక్కి రెండేళ్లే అయింది. అందుకే కాస్త పొడుగైనా సరే, వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం తల్లిదండ్రుల మీటింగు. ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కంచరపాలెం మెట్టు దగ్గర చేపలు అమ్ముకునే ఒకావిడ వచ్చింది. తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, సరుకు ఆటోలో వేసుకొచ్చి, అమ్మకం మధ్యలో పక్కావిడకి అప్పజెప్పి వచ్చిందట. కొంగుకి నీచు వాసన ఉంటుందనేమో, కూర్చోమన్నా కూర్చోలేదు. నాలుగడుగుల దూరంలోనే నిలబడింది. కూతురి కార్డు మీద నేను రాసిన మాట చదివి వినిపించాను: ‘క్లాసులో పాల్గొనదు. చొరవ పెంచుకోవాలి.’

ఆవిడ నా మొహంలోకి చూసి అంది: “ఇంటికాడ నోరు మూయదు టీచరమ్మా. కాటా కాడ కూకుంటే డబ్బు లెక్కంతా ఇదే సూత్తాది. మీ కాడ ఎందుకు మాటాడదంటారు?”

ఆవిడ దెప్పిపొడవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. “చూస్తానమ్మా” అన్నాను. ఆ రోజు రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

అప్పుడు మా బడికి టీచింగ్ ప్రాక్టీసుకి వచ్చిన ఒక బీఈడీ అమ్మాయి ఉంది. ఆ అమ్మాయిని వెనక బెంచీలో కూర్చోబెట్టి, క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో కాగితం మీద గళ్లు గీసిచ్చాను. ఎవరు నోరు తెరిస్తే వాళ్ల గడిలో ఒక గీత పెట్టమన్నాను. నేను ‘అర్థమైందా?’ అన్నప్పుడల్లా అడుగున ఇంకో గీత. మూడు రోజులు అలా చేశాం. మూడో రోజు సాయంత్రం ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను. క్లాసులో 43 మంది. గీతలు పడింది తొమ్మిది మందికి. అందులో ఏడుగురు మగపిల్లలు. అందరూ ముందు రెండు వరుసల్లో, నా బల్లకి ఎదురుగా కూర్చునేవాళ్లే. కిటికీ పక్క వరుస మొత్తం ఖాళీ. ఆ చేపలావిడ కూతురి గడి మూడు రోజులూ ఖాళీ. ‘అర్థమైందా?’ గీతలు మాత్రం ఒక్క పీరియడ్‌లోనే 17.

ఆ మాట మా అందరికీ ఊతపదం. ‘అర్థమైంది టీచర్’ అన్నది పిల్లల ఊతపదం. ముందు బెంచీ రాగం తీస్తుంది, వెనక బెంచీలు గొంతు కలుపుతాయి. పన్నెండేళ్ల పిల్ల లేచి 42 మంది ఎదుట ‘నాకు తెలియలేదు’ అని చెప్పాలంటే మాటలా? స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టర్ ‘ఏమన్నా డౌట్లా?’ అంటే మాలో ఎంతమంది చెయ్యెత్తుతాం? పైగా అర్థం కానివాళ్లలో చాలామందికి అర్థం కాలేదన్న సంగతే తెలియదు. తాము అనుకున్నదే సరైనదని వాళ్ల నమ్మకం. అలాంటి పిల్లలను ‘అర్థమైందా?’ అని అడిగితే ‘అయింది’ అనే చెప్తారు. అబద్ధం కాదు, నిజంగా అలాగే అనుకుంటారు.

నా పద్ధతిలో మొదటి మార్పు నా తెలివితో రాలేదు. మా బడి రైలు పట్టాలకు దగ్గర. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు బండ్లు పోతుంటే మాట వినపడదు. ఆగాల్సిందే. ఒక రోజు ప్రశ్న అడిగిన మరుక్షణం గూడ్సు అందుకుంది. బండి పోయేదాకా చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. చప్పుడు తగ్గాక చూస్తే, ఎప్పుడూ లేవని మూడు చేతులు లేచి ఉన్నాయి. కిటికీ వరుసలోంచి ఒకటి. మర్నాడు బండి లేకుండానే ఆగి చూశాను. మళ్లీ కొత్త చేతులు.

దీని మీద ఎప్పుడో పరిశోధన జరిగిందని తర్వాత ఆ బీఈడీ అమ్మాయే చెప్పింది. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్స్ అధ్యాపకురాలు 1970ల ప్రాంతంలో ఎన్నో క్లాసుల్ని రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది ఒక్క సెకను, ఆ మాత్రం కూడా లేదు. ఎవరూ పలక్కపోతే ఇంకొకరిని అడిగేస్తారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది, ఎక్కువమంది ముందుకొచ్చారు. నాకు ముల్లులా గుచ్చుకున్నది మరో సంగతి. బాగా చదువుతారని టీచరు అనుకునే పిల్లలకు ఎక్కువసేపు, వెనకబడ్డారనుకునే పిల్లలకు తక్కువసేపు ఆగుతారట. సమయం ఎక్కువ కావలసినవాళ్లకే తక్కువ ఇస్తున్నాం. నేనూ అదే చేస్తున్నానని గళ్ల కాగితం ముందే చెప్పింది.

మూడు సెకన్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది. నిలబడి చూడండి, గంటలా ఉంటుంది. నాకు ఇప్పటికీ లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటే తప్ప కుదరదు. జవాబు వచ్చాక కూడా వెంటనే ‘వెరీ గుడ్’ అనెయ్యకుండా ఇంకో మూడు లెక్కపెడతాను. ఆ సందులో పిల్లలు తాము చెప్పినదానికి ‘ఎందుకంటే...’ అని కలుపుతారు. అసలు విషయం ఎక్కువసార్లు అక్కడే బయటపడుతుంది.

తర్వాత పుల్లల డబ్బా. పాత హార్లిక్స్ సీసాలో ఐస్‌క్రీం పుల్లలు, ఒక్కో పుల్ల మీద ఒక్కో పేరు. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998లో సుమారు 250 పరిశోధనలను ఒకచోట చేర్చి, పాఠం జరుగుతుండగానే పిల్లలకు ఎంతవరకు తెలిసిందో కనిపెట్టి, దాన్నిబట్టి బోధన మార్చుకుంటే చదువు బాగుపడుతుందని చూపించారు. క్లాసులో చేతులెత్తడం మానిపించి పుల్లలు తీసి అడగమని విలియం చాలా చెప్పారు. చెయ్యెత్తినవాళ్లనే అడుగుతూ పోతే వచ్చినవాళ్లకి ఇంకా వస్తుంది, రానివాళ్లు తప్పించుకుంటూనే ఉంటారు. పుల్ల తీస్తే ఆ భేదం పోతుంది. టీచరుకి ఇష్టమైన పిల్ల, ఇష్టం లేని పిల్ల అన్న మాట కూడా పోతుంది.

దీంట్లో రెండు మెలకువలు ఉన్నాయి. నాకు అవి తెలియడానికి నెల పట్టింది. ఒకటి, ముందు ప్రశ్న చెప్పి, ఆగి, ఆ తర్వాత పుల్ల తియ్యాలి. పేరు ముందు పిలిస్తే మిగతా 42 మంది హమ్మయ్య అనుకుని ఆలోచించడం మానేస్తారు. రెండు, తీసిన పుల్లని మళ్లీ సీసాలోనే వెయ్యాలి. పక్కన పెట్టేస్తే ఆ పిల్లకి ఆ రోజుకి పని అయిపోయినట్టే. ఇక తెలియనివాళ్ల సంగతి. లేచిన పిల్ల ‘తెలీదు టీచర్’ అంటే తిట్టను, వదిలిపెట్టను కూడా. “సరే, మళ్లీ నీ దగ్గరికే వస్తా” అని ఇంకో ఇద్దర్ని అడుగుతాను. వాళ్లు చెప్పాక వెనక్కి వచ్చి, విన్నదాంట్లో తనకు తెలిసింది తన మాటల్లో చెప్పమంటాను. మొదట్లో నీరసంగా చెప్పేవాళ్లు. ఇప్పుడు మళ్లీ వస్తానని తెలుసు కాబట్టి చెవులు రిక్కించి వింటారు.

ఒక చోట నేను పెద్ద తప్పు చేశాను. దాచకుండా చెప్పాలి. ఆ క్లాసులో నత్తి ఉన్న పిల్లాడున్నాడు. రెండో వారంలో వాడి పుల్ల వచ్చింది. లేచాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. క్లాసంతా నిశ్శబ్దంగా వాణ్నే చూస్తోంది. నేను మూడు కాదు, పది సెకన్లు ఆగాను, మంచి చేస్తున్నాననుకుని. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు బడికి రాలేదు. కడుపునొప్పి అని వాళ్లమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సీసాలోంచి వాడి పుల్ల తీసేస్తానని చెప్పాను. వాడు నా వైపు చూడకుండా చేతిలో ఉన్న నోట్‌బుక్ మీద రాసి చూపించాడు: ‘తియ్యొద్దు టీచర్. రాసి చెప్తా.’

అప్పటినుంచి మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం. వాడి పేరు వస్తే నోటితో చెప్పొచ్చు, లేదా బోర్డు దగ్గరికి వచ్చి రాయొచ్చు, వాడిష్టం. రేపు అడగబోయే ప్రశ్న ఒకటి ముందురోజే చెబుతాను. అందరికీ ఒకే కొలత వేస్తే న్యాయమవుతుందని అనుకున్నాను. కాదని వాడు నేర్పాడు. చెవుడు ఉన్న పిల్లలు, ఇంట్లో ఒడియానో హిందీనో మాట్లాడే పిల్లలు మన విశాఖ బడుల్లో తక్కువేం లేరు. వాళ్లందరికీ ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి.

పుల్లలతో ఒక్కొక్కరి సంగతే తెలుస్తుంది. ఒకేసారి అందరిదీ తెలియాలంటే పలకలకి మించింది లేదని నా నమ్మకం. మనం అక్షరాభ్యాసం నాడు చేతికిచ్చి, రెండో తరగతి దాటగానే అటకెక్కించే పలకలే. పూర్ణా మార్కెట్ దగ్గర హోల్‌సేల్ కొట్లో 45 కొన్నాను, ఒక పెట్టె బలపాలు. తుడవడానికి ఇంటినుంచి పాత గుడ్డముక్క తెచ్చుకోమన్నాను, లేకపోతే ఉమ్ము పెట్టి తుడుస్తారు. మొదటి రోజు పిల్లలకు సిగ్గేసింది. “మేం ఒకటో క్లాసా టీచర్?” అన్నారు. పదో తరగతి వాళ్లు కిటికీలోంచి చూసి నవ్వారు. వారం తిరిగేసరికి సిగ్గు పోయింది. చెరిపేస్తే పోతుంది కాబట్టి పలక మీద తప్పు రాయడానికి భయం ఉండదు. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే ఎర్ర ఇంకు గుర్తు ఏడాదంతా ఉండిపోతుంది.

ఒక రోజు పాఠం దశాంశాలు. ముందురోజే చెప్పాను, అందరూ ‘అర్థమైంది’ అన్నారు. బోర్డు మీద 0.35, 0.4 అని రాసి, ఏది పెద్దదో రాయమన్నాను. ఎవరిది వాళ్లే, పలక గుండెకి ఆనించుకుని. “ఒకటి, రెండు, మూడు, చూపించండి.” నలభై పలకలు ఒక్కసారి లేచాయి. ముగ్గురు రాలేదు ఆ రోజు. లెక్కపెట్టాను. 26 పలకల మీద 0.35. నా తొమ్మిది మందిలో కూడా నలుగురు అదే రాశారు. 35 పెద్దా, 4 పెద్దా అంటే 35 పెద్దది కదా, అంతే వాళ్ల లెక్క. దశాంశ బిందువు తర్వాత మొదటి అంకె పదో వంతు, రెండోది నూరో వంతు అని ముందురోజు నేను గుక్క తిప్పుకోకుండా చెప్పింది చాలామందికి ఎక్కలేదు. పలకలు లేకపోతే ఆ 26 మందిని అలాగే వదిలేసి గుణకారంలోకి వెళ్లిపోయేదాన్ని. ఇన్నేళ్లలో ఎన్ని బ్యాచ్‌లను అలా వదిలేశానో.

సరైన జవాబు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. “పక్కవాళ్ల పలక చూడండి. వేరేగా ఉంటే ఎవరిది రైటో ఒకళ్లనొకళ్లు ఒప్పించండి. ఒక్క నిమిషం” అన్నాను. ముందు ఒంటరిగా ఆలోచించడం, తర్వాత జంటగా మాట్లాడుకోవడం, ఆ తర్వాత అందరికీ చెప్పడం. మేరీలాండ్ యూనివర్సిటీలో ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన వరుస ఇది. మన పిల్లలకు ఒంట్లో ఉన్న పనే, మేం ‘సైలెన్స్’ అని బెత్తంతో బల్ల మీద కొట్టి మాన్పించాం. క్లాసు గోలగోలగా ఉంది. నేను బెంచీల మధ్య తిరుగుతూ వింటున్నాను. కిటికీ వరుసలో ఆ చేపలావిడ కూతురు పక్కపిల్లకి గట్టిగా చెబుతోంది. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

“నువ్విప్పుడు చెప్పింది అందరికీ చెప్తావా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఆగాను. పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. చివరికి లేచింది.

“కాటా మీద నాలుగొందల గ్రాములెడితే సున్నా పాయింటు నాలుగు సున్నా సున్నా అని పడతాది టీచర్. మూడొందలేబై ఎడితే సున్నా పాయింటు మూడు అయిదు సున్నా. ఏది ఎక్కువో కొనీవోళ్లకి తెలీదేటి?”

బోర్డు దగ్గరికి రమ్మన్నాను. 0.400, దాని కింద 0.350 రాసింది. బిందువు కింద బిందువు, అంకె కింద అంకె, ఎవరూ చెప్పకుండానే. చివర సున్నాలు పెడితే విలువ మారదని, అప్పుడు రెండూ ఒకే కొలతలోకి వచ్చి పోల్చడం తేలికవుతుందని పుస్తకంలో అరపేజీ ఉంటుంది. ఆ అరపేజీ ఆ పిల్లకి రోజూ పొద్దున్నే కాటా మీద ఎర్రటి అంకెల్లో కనిపిస్తోంది. పలకలు మళ్లీ ఎత్తమన్నాను. ఈసారి నలుగురివే తప్పు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆ నలుగుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చెబితే సరిపోయింది. మొత్తం క్లాసుకి మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

ఒక సంగతి మధ్యలో దాటేశాను. ఆ పిల్ల ‘పడతాది’, ‘తెలీదేటి’ అన్నప్పుడు ముందు బెంచీలో నవ్వారు. ఆ పిల్ల ఏడాదంతా ఎందుకు మాట్లాడలేదో నాకు ఆ నవ్వులో తెలిసింది. లెక్క రాక కాదు. నోరు తెరిస్తే యాస బయటపడుతుందని. మేం ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. మన ఉత్తరాంధ్ర మనిషి. 1863లో పుట్టి, జనం మాట్లాడే భాషే చదువులో ఉండాలని జీవితమంతా పోరాడారు. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాశారు. దండ వేసిన మర్నాడే క్లాసులో ఒక పిల్ల ‘ఎల్తాది’ అంటే ‘వెళ్తుంది అనాలి’ అని మధ్యలో ఆపుతాం. ఆపితే లెక్క మధ్యలో తెగిపోతుంది, పిల్ల మళ్లీ లేవదు. ఇప్పుడు మా క్లాసులో ఒకటే నియమం: చెప్పే విషయం చూడాలి, చెప్పే యాసని చూసి నవ్వకూడదు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్నాయి కదా. ముందు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పమంటాను. ఇంగ్లిష్ పదం తర్వాత నేర్చుకోవచ్చు. ఇంగ్లిష్‌లో చెప్పాలన్న టెన్షన్‌తో సగంమంది పిల్లలు ఆలోచించడమే మానేస్తున్నారు.

పీరియడ్ చివర రెండు నిమిషాల్లో చీటీ మీద ఒక్క లెక్క చేయించి తీసుకుంటాను, వారానికి రెండుసార్లు. మార్కులు వెయ్యను. ఇంటికెళ్లేటప్పుడు సిటీ బస్సులోనే మూడు కట్టలు చేస్తాను: వచ్చినవాళ్లు, తడబడినవాళ్లు, అసలు రానివాళ్లు. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కట్టలే చెబుతాయి.

ఇదంతా చేస్తే సిలబస్ ఎలా పూర్తవుతుందని తోటి టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పలకలకి, మాటలకి పీరియడ్‌లో పది నిమిషాలు పోతాయి. ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షల నాటికి నేను ఒక పాఠం వెనకబడ్డాను. బోర్డు మీద పేజీలకి పేజీలు రాసి కాపీ చేయించడం మానేసి ఆ సమయం సంపాదించుకున్నాను. దాంతో ‘నోట్సు పూర్తిగా లేదు’ అని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, పిల్లలు జంటలుగా వాదించుకుంటున్న సమయంలో గుమ్మంలో నిలబడి, “క్లాసు కంట్రోల్లో లేదు” అన్నారు. లోపలికొచ్చి ముందు బెంచీలో ముగ్గుర్ని లేపి ఎక్కాలు అడిగారు. వాళ్లు గడగడా అప్పజెప్పారు. ఆయన సంతోషించి, నోట్‌బుక్కుల కట్ట తిరగేసి వెళ్లిపోయారు. కిటికీ వరుస వైపు తలైనా తిప్పలేదు.

ప్రైవేటులో సంగతి వేరేమీ కాదు. మా పక్కింటి అబ్బాయి చదివే చోట మార్కుల్ని బట్టి సెక్షన్లు. మొదటి సెక్షన్‌లో ప్రశ్నలు అడుగుతారట, చివరి సెక్షన్‌లో డిక్టేషన్ ఇస్తారట. ఆ అబ్బాయి చివరి సెక్షన్.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానిలోని 29వ సెక్షన్, పిల్లలు భయం, ఆందోళన లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా చూడాలంటుంది. పిల్లలకు ఎంత అర్థమైందో నిరంతరం చూస్తూ ఉండాలని కూడా అందులోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచరు ఉండాలని అదే చట్టం షెడ్యూల్ చెబుతోంది. 43 పలకలు చదవడం కంటే 35 చదవడం చాలా తేలిక, చేసేవాళ్లకి తెలుస్తుంది.

అందుకే మీ పత్రిక ద్వారా కొన్ని కోరుతున్నాను. తనిఖీకి వచ్చే అధికారులకు: దయచేసి ముందు బెంచీని వదిలెయ్యండి. హాజరు పట్టీలోంచి ఏవో నాలుగు నంబర్లు తీసి, ఆ పిల్లల పక్కన కూర్చుని, ఈ రోజు ఏం నేర్చుకున్నారో వాళ్ల యాసలోనే వినండి. క్లాసులో గోల ఉంటే రెండు నిమిషాలు ఆగి, అది ఏం గోలో చూడండి. చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ కలిపి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు పెట్టేవాళ్లకు: ఫార్మాట్లు నింపడం తగ్గించి, ఒక గంటసేపు ఒక టీచరు నిజంగా పాఠం చెబుతుంటే మిగతావాళ్లు వెనక కూర్చుని గళ్ల కాగితం మీద గీతలు పెట్టే ఏర్పాటు చెయ్యండి. ఏ ట్రైనింగూ నాకు ఆ కాగితం నేర్పినంత నేర్పలేదు. తల్లిదండ్రులకు: నోట్సు నిండిందా అని చూడటంతో పాటు, ‘ఇవాళ క్లాసులో నిన్ను ఏమడిగారు?’ అని పిల్లల్ని అడగండి. వారం రోజులు ‘ఏమీ అడగలేదు’ అనే జవాబే వస్తే టీచరు దగ్గరికి వచ్చి చెప్పండి. మేం నొచ్చుకున్నా సరే.

తోటి టీచర్లకు ఒక్క మాట. ప్రోగ్రెస్ కార్డులో ‘పాల్గొనదు’, ‘చొరవ లేదు’ అని రాసే ముందు, ఆ పిల్లను ఈ నెలలో ఎన్నిసార్లు అడిగామో చూసుకుందాం. ఏం వచ్చో, ఎక్కడ ఆగిపోయిందో రాస్తే ఇంట్లోవాళ్లకి ఏదైనా పనికొస్తుంది.

ఆ ఏడాది చివరి మీటింగుకి చేపలావిడ మళ్లీ వచ్చింది. ఈసారి బలవంతం చేసి కూర్చోబెట్టాను. కార్డు చదివి వినిపించాను: ‘దశాంశాలను క్లాసుకి కాటా ఉదాహరణతో వివరించింది. భిన్నాల భాగహారంలో ఇంకా తడబడుతోంది.’ మొదటి వాక్యానికి ఆవిడ తలూపింది, ఇందులో కొత్తేముంది అన్నట్టు. రెండో వాక్యం దగ్గర ముందుకి వంగింది.

“అదేటో ఓపాలి నాకు సూపించు టీచరమ్మా. ఇంటికాడ కూకోబెట్టి సేయిత్తాను.”

కాగితం తీసి, అరకిలోని పావుకిలో పొట్లాలు చేస్తే ఎన్ని వస్తాయో అక్కడి నుంచి మొదలుపెట్టాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
మర్రిపాలెం, విశాఖపట్నం.
(ఉద్యోగరీత్యా నా పేరు ప్రచురించవద్దని మనవి.)